పంచుకున్న పందిరి

మా అక్క కూతురు ఆశ తన పెళ్ళికి రెండే షరతులు పెట్టింది. చూసినవాళ్ళు కళ్ళప్పగించాలి, వాళ్ళ నాన్న ఒక్క రూపాయి అప్పు చెయ్యకూడదు. రెండూ కుదరవే తల్లీ అన్నాను. నా మాట అది ఎప్పుడు విన్నది గనక!

శుభలేఖలు ఫోన్లోనే పంపేసింది. వాళ్ళమ్మ పట్టుచీరకే కొత్త జాకెట్టు కుట్టించుకుంది. విందులో గొప్ప కోసం పెట్టే వంటకాలన్నీ కొట్టేసి, జనం నిజంగా తినేవే ఉంచింది. ఇక మిగిలింది పూల పందిరి. దాని పేరు చెబితే చాలు, ఈ రోజుల్లో తండ్రులకు చెమటలు పడతాయి. ఆశ ద్వారకా నగర్‌లో డెకరేషన్ చేసే గంగరాజు దగ్గర కూచుని, పెందుర్తిలో మేం తీసుకున్న హాల్లోనే ఆ రోజు పొద్దున ఇంకో పెళ్ళి ఉందని కనిపెట్టింది. ఆ పెళ్ళికూతురు సత్యశ్రీకి తనే ఫోన్ చేసింది. అప్పటిదాకా ముక్కూమొహం తెలియని ఆడపిల్లలిద్దరూ చూస్తుండగానే స్నేహితులైపోయారు. తెల్ల చామంతులు, తామరపూలు, కొబ్బరాకు అల్లికలు అంటూ కలిసి ఎంచుకున్నారు. పందిరి ఒకటే, ఖర్చు చెరి సగం. పొద్దున వాళ్ళ ముహూర్తం, సాయంత్రం గోధూళి వేళకి మాది.

స్టీలు ప్లాంటులో పనిచేసే మా బావ దొరబాబు ఈ సంగతి విని కూతురి బుగ్గ గిల్లాడు. మగపెళ్ళివారికి మాత్రం చెప్పలేదు. పూలు ఎవరితో పంచుకుంటే ఏం, వాళ్ళకి కావలసింది పిల్ల కదా అనుకున్నాం.

పెళ్ళిరోజు మధ్యాహ్నం మేం హాలు చేరేసరికి పందిరి ధగధగలాడుతోంది గాని, చుట్టూ పీనుగ లేచిన ఇల్లులా ఉంది. కుర్చీలు తిరగబడి ఉన్నాయి. భోజనాల గదిలో వండినవి వండినట్టే ఉన్నాయి, తిన్నవాళ్ళు లేరు. గంగరాజు మా బావ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

“పొద్దుటి పెల్లి పీటల మీదే ఆగిపోనాది బాబూ. తాలి కూడా కట్టలేదు. రెండు వైపులోలూ కొట్టుకున్నంత పనయ్యింది.”

వెంటనే నోళ్ళన్నీ మూయించాలనుకున్నాను. కానీ మగపెళ్ళివారి వ్యాన్ అప్పటికే గేటు దగ్గర ఆగి ఉంది. వాచ్‌మన్ అడక్కుండానే సమస్తం పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది.

పెళ్ళికొడుకు సాయిశంకర్ నాయనమ్మ జోగమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. తల్లి లేని పిల్లాణ్ణి ఆవిడే పెంచింది. ఆవిడ గీసిన గీత అతను దాటడు. ఆ గీత ఇప్పుడు హాలు గుమ్మం దగ్గరే ఉంది.

“ఆగిపోయిన పెల్లి పందిట్లో మా గుంటడు తాలి కట్టడు,” అంది.

“పూలన్నీ పీకించేస్తానమ్మా,” అన్నాడు బావ.

“పూలు పీకితే నేల మారిపోద్దేటి నాయనా? ఇంకో లగ్గం సూసుకుందారి. నాను పిల్లని ఒద్దనలేదు.”

పెళ్ళిళ్ళ రోజుల్లో గంటల వ్యవధిలో ఇంకో హాలు ఎక్కడ దొరుకుతుంది? పెళ్ళి వాయిదా వేస్తే పోయేదేముంది అనుకోకండి. ఆ మాట ఒక్కసారి బయటికొస్తే పిల్లలో లోపమేమిటోనని చుట్టాలంతా వెతుకుతారు. ముడిపడకుండానే ఈ సంబంధం విడిపోతుందని నాకు భయం పట్టుకుంది.

ఆశ పెళ్ళిబొట్టుతో, కాళ్ళ పారాణితో గదిలోంచి వచ్చేసింది. ఎవరినీ చూడలేదు, తిన్నగా సాయిశంకర్‌నే అడిగింది.

“నీ మాటేటి?”

“నానమ్మ ఒద్దంటే పీటలెలా ఎక్కను ఆశా? కొంచెం ఆగుదాం.”

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కింద పడనివ్వలేదు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

“మీ ఇంట్లో ఎవులూ పోలేదేటి? మీ ఆయన పోయిన ఇంట్లోనే కదా ఇప్పటికీ తిని తొంగుంతన్నారు!” అనేశాను.

అంతే. ముసలావిడ మొహం నల్లబడిపోయింది. వ్యాన్ వైపు తిరిగింది. వెనకే మగపెళ్ళివారు ఒక్కొక్కరూ కదిలారు. బావ నన్ను చూసిన చూపుకి నేల చీలితే బాగుండుననిపించింది. పొద్దు వాలుతోంది. పంతులుగారు పందిట్లో ఒంటరిగా నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

“మామ్మగారూ, ఒక్క నిమిసం.”

వెనకున్న ఇంకో గదిలోంచి ఒక పిల్ల వచ్చింది. పెళ్ళిచీర అలాగే ఉంది, జడలో పూలు మాత్రం తీసేసింది. చేతిలో బట్టల సంచి. తన సామాను సర్దుకుని తమ్ముడు ఆటో తెస్తాడని ఇంతసేపూ ఆ గదిలోనే కూచుందట. ఆశ చూడగానే “సత్యా!” అంటూ ఎదురెళ్ళింది. సత్యశ్రీ దాని భుజం తట్టి ముందుకి నడిచి, జోగమ్మ ఎదురుగా కుడి చెయ్యి చాపింది.

మణికట్టు చుట్టూ వాచిపోయి ఉంది. విరిగిన గాజు గుచ్చుకున్న చోట నెత్తురు గడ్డకట్టింది.

“ఫోటోలు తీసే అతను ఏదో అంటే నవ్వానండి. పక్కన కూకున్న పెల్లికొడుకు కొంగు సాటున నా సెయ్యి మెలిపెట్టీసాడు. ‘ఇంటికి పద, నీ నవ్వు సంగతి సెప్తాను’ అన్నాడు. నాను పీటల మీంచి లెగిసొచ్చీసాను. మావోలే నన్ను తిట్టి ఎల్లిపోనారు.” ఊపిరి తీసుకుంది. “పెల్లి ఆగిపోనాది, అపశకునం అంతన్నారు. నాను బతికింది ఈ పందిట్లోనే మామ్మా. ఇంతకన్నా మంచి సోటు ఏటుంటాది?”

జోగమ్మ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

“పీటల మీంచి లెగొచ్చని మా కాలంలో మాకెవులూ సెప్పలేదమ్మా,” అంది చివరికి.

ఇందాక నేను ఎలాంటి మొగుడి మాటెత్తి ఆవిణ్ణి దెప్పానో తలుచుకుంటే సిగ్గుతో తల వాలిపోయింది.

“శంకరూ, ఇలగ రా.”

సాయిశంకర్ వచ్చాడు. నాయనమ్మ సత్యశ్రీ చేతిని అతని ముందుకి పట్టింది.

“సూడు. బాగా సూడు. సూసినాకే పీటలెక్కు.”

అతను చూశాడు. తల తిప్పుకోబోతే ఆవిడ గడ్డం పట్టుకుని మళ్ళీ ఇటే తిప్పింది. అతని కళ్ళు తడిసేదాకా వదల్లేదు. తర్వాత ఆశ వైపు తిరిగింది.

“నీకూ సెప్తన్నాను పిల్లా. ఈడు ఎప్పుడైనా సెయ్యెత్తితే లెగిసొచ్చీ. నీ ఎనకాల నానొత్తాను.”

అని సత్యశ్రీ చెయ్యి వదలకుండానే, అందరికంటే ముందు జోగమ్మ గుమ్మం దాటి పందిట్లోకి నడిచింది.