కిటికీ వైపు గిటారు

బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఎడమ చెవి దగ్గర రుద్దాడు అడోమాకో. ఎండుటాకు నలిగినట్టు గరగరమంది. అవే వేళ్లు కుడి చెవి దగ్గరికి తీసుకెళ్లి రుద్దాడు. ఏమీ లేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాడు. కదులుతున్న సంగతి వేళ్లకి తెలుస్తోంది కానీ, చెవికి తెలీలేదు.

నాలుగేళ్లుగా మొహం కడుక్కోకముందే చేసే పని ఇది. వినికిడి వెళ్లిపోయేటప్పుడు చెప్పి వెళ్లలేదు కాబట్టి, వచ్చేటప్పుడూ చెప్పకుండానే వచ్చేస్తుందేమోనని ఆశ. అప్పట్లో మూడు రోజుల జ్వరం తగ్గి మంచం మీంచి లేచేసరికి కుడి వైపు ప్రపంచం మాయమైపోయింది. పక్క మందుల షాపువాడు ఇచ్చిన చుక్కల మందు వల్లేనని అతని అనుమానం. ఆ చుక్కలు వేసుకున్నది చెవి పోయిన రెండు రోజులకి. ఆ సంగతి అనుమానానికి పెద్దగా అడ్డు రాలేదు.

పెళ్లాం సెర్వాకి కూడా చెప్పలేదు. కానీ ఈమధ్య ఆవిడ ఏం మాట్లాడాలన్నా చుట్టూ తిరిగొచ్చి ఎడమ పక్కనే నిలబడుతోంది. అది మాత్రం తేడాగా ఉంది.

"మాత్ర వేసుకున్నావా?" అంది సెర్వా, ఎడమ పక్క నుంచే.

"వేసుకుంటాలే."

"గుండె నీదయ్యా, నాది కాదు."

"ఆ మందుల షాపువాడి మొహం చూశావా? సుద్దముక్కలు అమ్ముతున్నాడు వాడు."

"సుద్దయితే మాత్రం ఏం పోయింది? పొట్టలో గోడలకి సున్నం వేయించినట్టుంటుంది. మింగు."

మాత్రని చొక్కా జేబులో పడేశాడు. అక్కడ నిన్నటిదీ మొన్నటిదీ ఉన్నాయి. వాటి పక్కన టార్చిలైటు బ్యాటరీ ఒకటి ఉంది. దానికి రెండు చివర్లా ఒక ఎర్ర వైరు ముక్క, ఒక నల్ల వైరు ముక్క అతికించి ఉన్నాయి.

కుమాసీ ఊళ్లో చావులకీ పెళ్లిళ్లకీ వీధి అదిరిపోయేలా స్పీకర్లు కట్టేవాళ్లు బోలెడుమంది. అడోమాకోది ఆ బాపతు కాదు. ఇంట్లో, హాల్లో, ఒకే ఒక్క కుర్చీ కోసం రెండు స్పీకరు పెట్టెల్ని కూర్చోబెట్టడం అతని పని. ఆ పెట్టెలు గోడకి ఎంత దూరం, కుర్చీకి ఎంత దూరం, ఎంత లోపలికి మొహం తిప్పాలి, అన్నీ సరిగ్గా కుదిరితే పాట పెట్టెల్లోంచి రాదు. వాటి మధ్య ఖాళీ గాల్లో మనిషి నిలబడి పాడతాడు. కళ్లు మూసుకుంటే ఆ మనిషి పొడుగెంతో కూడా చెప్పొచ్చు. ఒక్కటే చిక్కు. ఆ మనిషి నిలబడాలంటే వినేవాడికి రెండు చెవులుండాలి.

అందుకే భయం. అడోమాకోకి ఒక చెవే పనిచేస్తోందని బయటికి పొక్కితే నలభై ఏళ్ల పేరు ఒక్క పూటలో ఊడ్చుకుపోతుంది. గుడ్డి దర్జీకి గుడ్డ ఎవడిస్తాడు?

ట్రోట్రో వ్యానులో ఎప్పటిలాగే కుడి కిటికీ పక్క సీటు చూసుకున్నాడు. అక్కడ కూర్చుంటే మాట్లాడేవాళ్లందరూ ఎడమ పక్కకే వస్తారు. ఆ సీటు ఖాళీ లేకపోతే వ్యాను వదిలేస్తాడు. ఇవాళ రెండు వదిలేశాడు. ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచి లాగుతోంది. నిన్న మోసిన ఆంప్లిఫయర్‌ని తిట్టుకున్నాడు.

బంతామా పేటలో అఫ్రాకోమా ఇల్లు రెండో అంతస్తు. మెట్లు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. ఈ మెట్లు ఇదివరకు ఇన్ని లేవు, ఎవరో కలిపారు అనుకున్నాడు.

"ఎవరు?" తలుపు వెనకనుంచి గొంతు.

"నేనక్కా, అడోమాకోని."

"ఏ అడోమాకో?"

"పదింటికి రమ్మన్నావే, ఆ అడోమాకోని."

"పదిన్నరయింది. పదింటికి రావాల్సినవాడు వేరే అయ్యుంటాడు." గడియ తీసింది. "సంచిలో ఏముందో అంతా బల్ల మీద పెట్టు. వెళ్లేటప్పుడు సరిచూసుకుందాం."

డెబ్భై ఏళ్ల మనిషి. కెజేటియా మార్కెట్లో నలభై ఏళ్లు గుడ్డలు అమ్మింది. అడోమాకో సామాన్లన్నీ బల్ల మీద పేర్చాడు: స్క్రూడ్రైవర్లు, కట్టర్, ముడులు వేసిన తాడు, వైరు చుట్ట. తనూ మనసులో లెక్కపెట్టుకున్నాడు. ఇంత జాగ్రత్తపడే ఇంట్లో స్క్రూడ్రైవర్లు మాయమవడం అతనికి కొత్త కాదు.

గది మధ్యలో దుప్పట్లు కప్పి నడుమెత్తు పెట్టెలు రెండున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అఫ్రాకోమా మొగుడు డొంకోర్ హాంబర్గ్‌లో ఓడ పని చేసి తెచ్చుకున్న స్పీకర్లవి. ఈ హాల్లోనే వాటిని మొదటిసారి కూర్చోబెట్టింది అడోమాకోనే. డొంకోర్ పోయిన మూడో రోజునే అతని అక్కచెల్లెళ్ల కొడుకులు వచ్చి, ఆనవాయితీ ప్రకారం మేనమామ సొత్తు మాదేనంటూ గదికి తాళం వేసి, వీటిని మోసుకుపోయారు. సంవత్సరీకం అయ్యాక పెద్దలు కూర్చుని స్పీకర్లు ఆవిడకే ఇమ్మన్నారు. నిన్ననే లారీలో వచ్చాయి.

"లోపలిది మార్చేసుంటారు," అంది అఫ్రాకోమా. "బయట కొయ్య నాదే. లోపల ఏ చైనా సరుకు పెట్టారో. ముందు విప్పు."

అడోమాకో ఒకదాని మరలు విప్పి, గుండ్రటి పెద్ద స్పీకర్ని బయటికి తీసి, వెనకాల అయస్కాంతం మీద చూపించాడు. నీలం సిరాతో చిన్న నక్షత్రం. "ఇది నా గుర్తు. ఆ రోజు నేను గీసిందే."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఇప్పుడు గీసుండొచ్చుగా."

"నీ కళ్ల ముందే విప్పానుగా అక్కా!"

"నేను తుమ్మాను మధ్యలో."

రెండోది కూడా విప్పించింది. ఈసారి తుమ్మలేదు. నక్షత్రం ఉంది. అయినా కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని కూర్చుంది. మంచి స్పీకరు తీసేసి డొక్కుది బిగించే మేస్త్రీల కథలు ఊళ్లో అందరికీ తెలుసు. అడోమాకోకి ఇంకా ఎక్కువ తెలుసు, వాళ్లలో ఇద్దరు అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

రెండు స్పీకర్లూ మళ్లీ బిగించి, తాడు తీశాడు. ఒక కొస, డొంకోర్ పాటలు వినే కుర్చీకి కట్టి, రెండో కొస పెట్టె దాకా లాగాడు. ఏడో ముడి దగ్గర ఒక పెట్టె, ఏడో ముడి దగ్గరే ఇంకో పెట్టె. ఒకటి కిటికీ వైపు, ఇంకోటి తలుపు వైపు. తర్వాత జేబులోంచి బ్యాటరీ తీసి దాని వైరు ముక్కల్ని స్పీకరు వైర్లకి ఆనించాడు. టప్‌మంటూ స్పీకరు నల్లటి కాగితం బుగ్గ బయటికి ఉబ్బింది. రెండో పెట్టెకి ఆనించాడు, అదీ బయటికే ఉబ్బింది. ఒకటి బయటికీ ఒకటి లోపలికీ పోతే పాటలో పస చచ్చిపోతుంది. ఈ పరీక్ష అంటే అతనికి ప్రాణం. దీనికి చెవి అక్కర్లేదు, కళ్లు చాలు.

తర్వాత పెట్టెల వెనక్కి వెళ్లి, కుర్చీ వైపు మొహం పెట్టి గొంతుక్కూర్చుని వైర్లు బిగించాడు. కుడి వైరుకి ఎర్ర పీలిక కట్టి ఉంటుంది. దాన్ని తన కుడి చేతి పక్కనున్న పెట్టెకి బిగించాడు. చెమట కళ్లలో పడుతోంది.

అఫ్రాకోమా బీరువా తెరిచి, తెల్ల గుడ్డలో చుట్టిన రికార్డు తెచ్చింది. డొంకోర్ పెళ్లికి ముందు ఒక బ్యాండులో గిటారు వాయించేవాడు. ఆ బ్యాండు చేసిన ఒకే ఒక్క రికార్డు అది. ఇంకో కాపీ ఎక్కడా లేదని ఆవిడ అంటుంది. రికార్డు ప్లేయరు ముల్లు ఆనింది. డప్పులు, బాకా, నవ్వుతున్నట్టుండే ఒక మగ గొంతు. అడోమాకో ఎడమ చెవిని పెట్టెల వైపు తిప్పి, తలాడిస్తూ, అంతా వినిపిస్తున్నవాడి మొహం పెట్టాడు.

"వీడెక్కడున్నాడు?" అంది అఫ్రాకోమా.

"ఎవరు?"

"నా మొగుడు. ఆ గిటారు. నా మొగుడు కిటికీ వైపు కదా ఉండేది. నువ్వు తీసుకెళ్లి తలుపు దగ్గర నిలబెట్టావు. బతికున్నప్పుడూ అంతే, ఎప్పుడెప్పుడు తలుపు దాటుదామా అని చూసేవాడు. ఇప్పుడూ అక్కడే నిలబెడతావా?"

అడోమాకోకి చెమట చల్లబడింది. గిటారు వినిపిస్తోంది. ఏ వైపునుంచి వస్తోందో అంటే, అతనికి అన్నీ ఒకే వైపునుంచి వస్తాయి. ముసలిది తనని పరీక్షిస్తోందా? లేక మజూరీ తగ్గించడానికి వంక వెతుకుతోందా? ఎవరో చెప్పుంటారు. పక్క షాపువాడే చెప్పుంటాడు.

"రికార్డే అలా ఉంది అక్కా. పాతబడింది కదా."

"పాతబడితే గీతలు పడతాయి, మనుషులు లేచి అటు పక్కకెళ్లి కూర్చోరు."

"సరే, ఇంకోసారి చూస్తా," అని మళ్లీ పెట్టెల వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. మరలు వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. ఎర్ర పీలిక కుడికే ఉంది. తప్పెక్కడుందో అర్థం కాలేదు. గుండెలో ఏదో పట్టేసినట్టుంది. పొద్దున తిన్న కెంకే మొక్కజొన్న ముద్దని అనుమానించాడు.

కాసేపటికి తలెత్తితే అఫ్రాకోమా కుర్చీలో లేదు. ఎడమ పక్కన, మోకాళ్ల మీద చేతులానించి వంగి అతని మొహంలోకి చూస్తోంది.

"తేలుంది అన్నాను," అంది.

"ఎక్కడ?" అని ఎగిరి గెంతాడు.

"లేదు. ఇందాక ఉంది, నీ కుడి కాలి దగ్గర. కుడి పక్క నిలబడి మూడుసార్లు చెప్పాను. మూడోసారి అరిచాను. నువ్వు వైరు మెలితిప్పుకుంటున్నావు."

"పని మీద ధ్యాస పెట్టాను."

"తేలు కన్నా వైరు ముద్దా? కొనడానికొచ్చిన మనిషి గుడ్డ ముట్టుకోకముందే మెడ చూసి చెప్పేదాన్ని, వీడు కొంటాడా, బేరమాడి పోతాడా అని. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ గద్ద నీడ చూసిన కోడిలాగా తల పక్కకి తిప్పుతున్నావు. ఎన్నాళ్లయింది?"

అడోమాకో చేతిలో స్క్రూడ్రైవర్ వైపు చూసుకున్నాడు. కాదనడానికి ఇంకా రెండు మూడు దార్లున్నాయి. వాటిల్లో ఒక్కదానికీ ఓపిక లేకపోయింది.

"నాలుగేళ్లు," అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు. "ఎవరికి చెప్తావు?"

"నేనెవరికి చెప్తానయ్యా? నా గడప తొక్కేది మా ఆయన మేనల్లుళ్లు. వాళ్లకి నేను ఇవాళ ఏ వారమో కూడా చెప్పను."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే భుజం నొప్పెట్టింది.

"ఇప్పుడు చెప్పు," అంది ఆవిడ. "ఈ ఎర్ర గుడ్డ దేనికి?"

"కుడి వైపుకి."

"ఎవరి కుడికి? నీకా, కుర్చీలో కూర్చునేవాడికా?"

అడోమాకో ముందు పెట్టెల వైపు చూశాడు. తర్వాత కుర్చీ వైపు చూశాడు. తను వెనకాల, ఎదురుగా తిరిగి కూర్చుని ఉన్నాడు. అతని కుడి అంటే కుర్చీకి ఎడమ. పని నేర్చుకునేవాడు మొదటి వారంలో చేసే తప్పిది. తనూ చాలాసార్లు చేశాడు, కానీ అప్పుడు పాట మొదలైన క్షణంలో చెవి పట్టేసేది. నాలుగేళ్లుగా పట్టేవాడు లేడు. ఇంకెన్ని ఇళ్లల్లో గిటార్లని తలుపు దగ్గర నిలబెట్టి వచ్చాడో!

రెండు వైర్లూ మార్చాడు. బ్యాటరీతో ఇంకోసారి పరీక్ష చేసి, దాన్ని కిటికీ వైపు పెట్టె మీద పెట్టి, మోకాలు పట్టుకుని లేచాడు.

పాట మళ్లీ మొదలైంది. అఫ్రాకోమా కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. కుడి చెయ్యి కుర్చీ మీంచి కిటికీ వైపు కొంచెం జారింది.

"వచ్చాడు," అంది మెల్లగా. తర్వాత లేచి కుర్చీని పట్టుకుని గుంజింది. "ఇలా రా. పట్టు, తిప్పుదాం. నీ మంచి చెవి కిటికీ వైపుండాలి. కూర్చో."

"నాకెందుకక్కా?"

"పెట్టినవాడివి వినొద్దూ? ఆ సగమన్నా నిండుగా విను."

పెట్టెలకి వీపు పెట్టేలా తిప్పిన కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెవి కిటికీ వైపు. డప్పులు ఎక్కడికో వెళ్లిపోయాయి, గొంతు పల్చబడింది. గిటారొక్కటే, తీగ మీద గోరు తగిలే చప్పుడుతో సహా, చెవి పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టుంది.

"తాళానికి అరబీటు వెనకున్నాడు," అన్నాడు అడోమాకో.

"ఎప్పుడూ అంతే. పెళ్లికి కూడా ఆలస్యంగానే వచ్చాడు." ఆవిడ నవ్వింది. "అన్నం తిని వెళ్లు. పామ్ పులుసుంది."

"పెట్టు. తిన్నాక మాత్ర కూడా వేసుకోవాలి." జేబు తడుముకున్నాడు. "సుద్దే అయినా సరే."

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. పులుసు వేడి చేసింది, అన్నం ముద్దలు చేసి అందులో వేసింది. హాల్లో పాట అయిపోయింది. ముల్లు చివరి గాడిలో టిక్కుటిక్కుమని తిరుగుతోంది. గిన్నె పట్టుకుని వచ్చింది.

"మేస్త్రీ, రికార్డు అరిగిపోతుంది. ముల్లు తియ్యి."

అతను పలకలేదు. తను కుడి పక్కన నిలబడిందని గుర్తొచ్చి ఆవిడకి నవ్వొచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చింది. వంగి, చెవి దగ్గర, మెల్లగా పిలిచింది.

"మేస్త్రీ."

ఇంకోసారి పిలిచింది. తర్వాత లేచి వెళ్లి ముల్లు తనే తీసింది.

సాయంత్రం సెర్వా వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కుర్చీ చుట్టూ తిరిగి, ఎడమ పక్కకి వచ్చి, కింద కూర్చుని, ఆ చెవిలో చాలాసేపు ఏదో చెప్పుకుంది.

అతన్ని తీసుకెళ్లేవాళ్లు వచ్చాక, అఫ్రాకోమా బల్ల మీద సామాన్లన్నీ ఒక్కొక్కటే సరిచూసి సంచిలో వేసి సెర్వా చేతికిచ్చింది. స్క్రూడ్రైవర్లు, కట్టర్, ముడుల తాడు, వైరు చుట్ట.

"అంతేనా?" అంది సెర్వా.

"అంతే," అంది అఫ్రాకోమా.

కిటికీ వైపు పెట్టె మీద, రెండు వైర్లూ ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పెట్టి, చిన్న టార్చిలైటు బ్యాటరీ ఒకటి ఉంది.