శ్రీమతి సామ్యేల్ చేసిన తర్జుమా

సోమవారం మీటింగుందంటే సుగుణమణికి ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే పని మొదలయ్యేది. గాజు గ్లాసులు బూడిదతో తోమాలి. అల్లం దంచి పెట్టుకోవాలి. బొగ్గుపొడికి నల్లబడిన మేజాబట్ట ఉతికి, మళ్ళీ పొడి పడకముందే తీసి మడతపెట్టాలి. తెల్లారి పిల్లలిద్దరికీ ఇంత పెట్టి, అవన్నీ బుట్టలో సర్దుకుని క్వార్టర్ల వరస చివరనున్న ఆఫీసుకు నడవాలి. "జర జల్ది నడువు, ప్రొఫెసరమ్మ టైమంటె టైమే" అంటూ భర్త సామ్యేల్ చేతులూపుకుంటూ ముందు పోయేవాడు.

ఆఫీసంటే ఒకప్పుడు ఖాళీగా పడివున్న కంపెనీ క్వార్టరే. గోదావరిఖనిలో ఒకదాని వెనక ఒకటి కొత్త బావులు తెరుస్తున్న రోజులవి. బొగ్గుబాయి కార్మికుల కుటుంబాలు ఎట్లా బతుకుతున్నాయో పరిశోధించాలని, దేశదేశాల వాళ్ళు చదువుకునే ఒక అంతర్జాతీయ విశ్వవిద్యాలయం సముద్రాల అవతలి నుంచి మనుషులను పంపింది. వాళ్ళకు పెద్ద డాక్టర్ హిల్డా, అందరి నోటా ప్రొఫెసరమ్మ. తెల్లజుట్టు, పొడుగు మనిషి. ఆమె వెంట ఘనా దేశపు కుర్రాడొకడు, జపాను పిల్ల ఒకతె, పరిశోధక విద్యార్థులు. ఇంగ్లీషు వచ్చిన స్థానికుడు కావాలంటే కంపెనీ తన ఆఫీసు గుమాస్తా సామ్యేల్‌ను అప్పగించింది. 'లోకల్ కోఆర్డినేటర్' అన్న చెక్క పేరుపలక బల్లమీదికి వచ్చిన నాటి నుంచి అతని నడక మారిపోయింది. మంచి పరిశోధన చూపించిన వాళ్ళను ఏడాదిపాటు తమ విశ్వవిద్యాలయానికే పిలిపించుకుంటామని ప్రొఫెసరమ్మ ఒకసారి అన్నది. ఆ మాట అతని చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండేది.

అయితే అతనికి ఒక చిక్కు వచ్చిపడింది. ఆడవాళ్ళు అతనితో మాట్లాడరు. కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే కొంగు నెత్తిమీదికి లాక్కుని, "మాకేమెర్క సారూ, మా ఇంటాయన డ్యూటీ దిగినంక రాండ్రి" అని తలుపు దగ్గరకేసేవాళ్ళు. రెండు వారాలు అట్లా తిరిగి తిరిగి, చివరికి భార్యతో అన్నాడు. "నువ్వెట్లాగు ఇంట్ల ఖాళీగనె ఉంటవు గద. జర నాలుగిండ్లు తిరిగి రారాదు."

ఖాళీగా! ఆ మాట సుగుణమణికి ముల్లులా గుచ్చుకుంది. ఆమె హైదరాబాదులో బి.ఏ. చదివింది. రెండో కాన్పు దాకా మిషన్ బడిలో పాఠాలు చెప్పింది. ఆ కాన్పులో రక్తం ఆగక చావు అంచుదాకా పోయి వచ్చింది. మూడోది వద్దని డాక్టరమ్మ చెప్పింది. మంచం దిగకముందే అత్త ఎలిజబెత్ అన్నది: "ఈసారి మొగపిల్లగాడు పుడ్తడు తియ్. పిల్లలను ఇడిసిపెట్టి బడికి పోతె దేవుడెట్ల ఇస్తడే?" సామ్యేల్ ఆ పక్కనే నిలబడి గోడమీది క్యాలెండరు చూశాడు. బడి మానేసింది. నెలనెలా భయపడుతూ బతకడం నేర్చుకుంది. ఇప్పుడు మళ్ళీ నలుగురిలోకి పొమ్మంటున్నాడు కదా, ఎట్లాగైతేనేమని ఒప్పుకుంది.

ఆమె కాగితాలు పట్టుకుపోలేదు. ఎవరింటికి పోతే వాళ్ళతోపాటు చేటలో బియ్యం ఏరింది, పిల్లల తలలు దువ్వింది, నల్లా దగ్గర వంతు నిలబడింది. మాటలు వాటంతటవే వచ్చాయి. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నీ చెబితే సామ్యేల్ ఇంగ్లీషులో రాసుకునేవాడు. ఆ ఇంగ్లీషులో తప్పులు ఆమే దిద్దేది. మీటింగులో "నా పరిశోధనలో తేలిందేమిటంటే" అని అతను చదువుతుంటే ఆమె గ్లాసుల్లో టీ పోస్తూ వినేది. మీటింగు నివేదికలో ప్రతి వారం అందరి పేర్లూ రాసేవాళ్ళు. చిట్టచివర ఆమె పేరూ వచ్చేది. 'టీ ఏర్పాట్లు: శ్రీమతి సామ్యేల్.' ఒకనాడు ప్రొఫెసరమ్మ ఆమె వైపు తిరిగి, నువ్వేం పని చేస్తుంటావని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే సామ్యేల్ "ఏమీ లేదు మేడమ్, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. సుగుణమణి నవ్వింది. ఎందుకు నవ్విందో తర్వాత ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఆ నవ్వు గుర్తుకొస్తే మాత్రం ఒళ్ళంతా చీదరగా ఉండేది.

ఆ ఇళ్ళలో సమ్మవ్వ ఇల్లు ఒకటి. మొగుడు ఆగయ్య బాయిలో బొగ్గు నింపుతాడు. ముగ్గురూ ఆడపిల్లలే. కొడుకు పుడితే నిలువెత్తు బెల్లం తూగుతానని మేడారం జాతరలో నలుగురి ముందు మొక్కుకుని వచ్చిన మనిషి ఆగయ్య. ఒక మధ్యాహ్నం, అతను డ్యూటీలో ఉండగా, సమ్మవ్వ చింతపండు గింజలు తీస్తూ తీస్తూ చెయ్యి ఆపింది.

"అక్కా, నీతోని ఒక్క మాట చెప్త. ఎవ్వలకు చెప్పలే. కడుపుల పెట్టుకోలేక సచ్చిపోతున్న."

"చెప్పు సమ్మవ్వా."

"కొడుకు ఇంక పుట్టడు. మా అన్న కొడుకు తొట్టెల పండుగకని పుట్టింటికి పోయిన సూడు, అప్పుడే ఆపరేషన్ చేయించుకున్న. ముగ్గురిని కనేటాలకె నా నడుం ఇరిగింది అక్క. ఆయనకు ఎర్కలేదు. ఎర్కైతె సంపుతడు, లేకుంటె ఇంకోదాన్ని తెస్తడు. అగో, ఆయన మొక్కు మొక్కుతాంటె నేను పక్కన్నె నిలవడి దండం పెట్టిన. ఆ తల్లి నన్నేమంటదో."

సుగుణమణి ఆమె చెయ్యి పట్టుకుంది. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. ఇంటికి నడుస్తుంటే ఆమె గుండెలో జాలికంటే ముందు మరొకటి లేచింది. అది అసూయ. సంతకం పెట్టడం రాని సమ్మవ్వ తన ఒంటి సంగతి తాను తేల్చుకుంది. బి.ఏ. చదివిన తాను నెలనెలా మోకాళ్ళమీద ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది.

ఆ సాయంత్రం సామ్యేల్ చిరాకుగా ఉన్నాడు. ఏడాది ముగింపు సెమినారు దగ్గర పడింది. విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు స్వయంగా వస్తున్నాడు. "ఏం తెచ్చినవు నువ్వు? ఉప్పు, పప్పు, నల్లా కాడ కొట్లాట. గివి సూయించి నన్నక్కడికి పిలుస్తరా? గంత చదివినవు, ఒక్కటన్న పనికొచ్చేది తేలేకపోయినవు" అన్నాడు. అత్త వింటోంది. పిల్లలు వింటున్నారు. సుగుణమణికి ముఖం వేడెక్కింది. పనికిరానిదాన్ని కాదని చూపించుకోవాలనిపించింది. ఆ ఒక్క క్షణం చాలింది. అతని వెనకాలే లోపలి గదిలోకి పోయి సమ్మవ్వ సంగతి మొత్తం చెప్పేసింది.

సామ్యేల్ కళ్ళు మెరిశాయి. "శభాష్! గిది గద కావాల్సింది!" అని భుజం తట్టాడు. పెళ్ళయిన తర్వాత అతని నోట శభాష్ అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆమె ఆ మాటకు వెన్నలా కరిగిపోయింది. కరిగిన మరుక్షణమే అతని చెయ్యి పట్టుకుంది. "రాయకండ్రి. నేను మాటిచ్చిన" అన్నది. "పేరు రాస్తనా ఏంది? ఎక్కడ్నో దేశంల చదువుతరు. ఈడెవలకు తెలుస్తది?" అన్నాడు. ఆ ఒక్క పేపరు మాత్రం దిద్దమని ఆమెకు ఇవ్వలేదు. ఆమే అడిగి ఉండవలసింది. అడిగితే మళ్ళీ పనికిరానిదాన్నవుతానేమోనని అడగలేదు.

సెమినారు కంపెనీ క్లబ్బులో పెట్టారు. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, రిజిస్ట్రారు. వాళ్ళ వెనక వరసలో సామ్యేల్ తల్లి, జరీ అంచు చీర కట్టుకుని. తర్వాత జంపఖానాలమీద కార్మికులు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఎవరి దగ్గర తెలుసుకున్నామో వాళ్ళకు వాళ్ళ భాషలోనే తిరిగి చెప్పాలన్నది ప్రొఫెసరమ్మ పట్టుదల. తర్జుమా చెయ్యడానికి కరీంనగర్ నుంచి రావలసిన లెక్చరరు రాలేదు. ప్రొఫెసరమ్మ చుట్టూ చూసి, టీ బల్ల దగ్గరున్న సుగుణమణిని చేత్తో పిలిచింది. "శ్రీమతి సామ్యేల్, మీ ఇంగ్లీషు బాగుంటుంది కదా, మీరు రండి."

తడిచేతులు కొంగుకు తుడుచుకుని ఆమె మైకు దగ్గర నిలబడింది. సామ్యేల్ ఒక పేరా చదవడం, ఆమె తెలుగులో చెప్పడం. నీళ్ళ సంగతి, రాత్రి షిఫ్టు మొగుళ్ళు పగలు నిద్రపోతుంటే పిల్లల నోళ్ళు మూసే సంగతి. ఆడవాళ్ళు "అవ్ నిజమే" అని తలలూపారు. తన గొంతు అంత పెద్ద గదిని నింపడం ఆమెకు వింతగా, హాయిగా ఉంది. బడిలో పాఠం చెప్పిన రోజులు తిరిగొచ్చినట్టుంది.

అప్పుడు సామ్యేల్ కాగితం తిప్పి కొత్త పేరా మొదలుపెట్టాడు. బొగ్గు నింపే కార్మికుడి భార్య. ముగ్గురు ఆడపిల్లలు. అన్న కొడుకు తొట్టెల పేరుతో పుట్టింటికి పోయి రహస్యంగా ఆపరేషను. ఏమీ తెలియని భర్త మేడారంలో కొడుకు కోసం మొక్కిన నిలువెత్తు బెల్లం. పేరొక్కటే లేదు. మిగిలినదంతా ఉంది.

ముందు కుర్చీల్లో ఆఫీసర్లు నవ్వుకుంటూ తలలాడించారు. జంపఖానాలమీద ఆగయ్య బీడీ చెవిలో పెట్టుకుని, ఇప్పుడేం చెబుతారోనని ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆడవాళ్ళ మధ్య సమ్మవ్వ చిన్నపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషు తెలిసిన దొరలకు సమ్మవ్వ ఎవరో తెలియదు. సమ్మవ్వను తెలిసినవాళ్ళకు ఇంగ్లీషు రాదు. నడుమ తానొక్కతే ఉంది.

సుగుణమణి జంపఖానాల వైపు తిరిగింది. "పిల్లలు ఎక్కువైతె తల్లుల పానం ఖరాబైతదని సారు చెప్తున్నరు" అని ఊరుకుంది.

సామ్యేల్ ముఖం చిట్లించాడు. రిజిస్ట్రారు వింటున్నాడు, తన పేపరులో అసలైన ముక్క ఇదే. ఆమె వైపు వంగి, "అసలుదె ఇడిసిపెట్టినవు. మొగనికి తెల్వకుండ ఆపరేషన్ చేయించుకున్నామె సంగతి చెప్పు" అన్నాడు. గుసగుసగానే అన్నాడు. మైకు దాన్ని గదంతా వినిపించింది.

జంపఖానాలమీద కలకలం లేచింది. "ఎవలామె?" "మన లైన్లనేనా?" "పేరు చెప్పుమను!" ఒక ముసలాయన లేచి నిలబడి, "ఎవని పెండ్లామో తెల్వాలె గద!" అన్నాడు. సమ్మవ్వ తల వంచేసింది. పిల్లను గట్టిగా అదుముకుంటే అది ఏడుపు మొదలుపెట్టింది. ఆగయ్య ఆ ఏడుపు విని అటు తిరిగాడు.

"నేనే" అన్నది సుగుణమణి.

"సారు చెప్పేది నా సంగతే. నాకిద్దరు ఆడపిల్లలు. మూడో కాన్పయితె బతకనని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్ల మనుమడు కావాలన్నరు. నేను ఎవ్వలకు చెప్పకుంట పోయి చేయించుకున్న." ఒక్కొక్క మాట పలుకుతుంటే ఒంటిమీది బట్ట ఒక్కొక్క చుట్టే ఊడిపోతున్నట్టుంది. అయినా ఆపలేదు. ఎవరో మగవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఒకడు ఈల వేశాడు. కుర్చీల్లోనుంచి ఎలిజబెత్ లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది. సామ్యేల్ నోరు తెరిచాడు. కాదంటే మరి ఎవరని అడుగుతారు, తన పేపరు ఏమవుతుంది? పళ్ళు కనిపించేలా నవ్వుతూ అట్లాగే నిలబడిపోయాడు. ఆఫీసరొకాయన చెవిలో చెబితే ప్రొఫెసరమ్మ లేచి వచ్చి సుగుణమణిని కౌగిలించుకుని, ఎంత ధైర్యవంతురాలివి అన్నది. ఆ కౌగిలిలో ఆమె కట్టెలా నిలబడింది. ఇది ధైర్యం కాదని ఈ దొరసానికి ఏ భాషలో చెప్పాలి?

సెమినారు అయిపోయాక క్లబ్బు వెనక నల్లా దగ్గర గ్లాసులు కడుగుతుంటే సమ్మవ్వ వచ్చింది. సుగుణమణి చప్పున లేచింది. ఏం ఆశించి లేచిందో ఆమెకే తెలియదు.

"మైకుల నా పేరు తియ్యలే. నీ కాళ్ళు మొక్కుత" అన్నది సమ్మవ్వ. గొంతు మెల్లగా, చల్లగా ఉంది. "గని ఇంట్ల మీ ఆయన ముంగట తీసినవు గద అక్కా."

సుగుణమణి చేతుల్లో నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇంక మా ఇంటికి రాకు." సమ్మవ్వ పిల్లను భుజాన మార్చుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి సామ్యేల్ వాకిట్లోనే ఉన్నాడు. "నా ఇజ్జత్ తీసినవు! రేపటినుంచి బజార్ల ఎట్ల తిరుగాలె? ఇంట్ల పెండ్లామే చెప్పిన మాట వినదు, ఈడేం కోఆర్డినేటరని నవ్వరా? పొద్దున్నే నల్లా కాడికి పోయి అందరికి చెప్పు, అది అబద్ధమని."

సుగుణమణి బుట్ట దించి గ్లాసులు ఒక్కొక్కటే గూట్లో బోర్లించింది. ఇజ్జత్ అంటున్నాడు. అతని ఇజ్జత్ పోయినందుకు ఆమెకు సిగ్గుగా లేదు. నలుగురిలో తన ఒళ్ళు చర్చకు వచ్చినందుకూ ఇప్పుడు సిగ్గుగా లేదు. సిగ్గంతా వేరే చోట ఉంది. ఒక్క శభాష్ కోసం తోటి ఆడదాని కడుపులోని మాటను తీసుకొచ్చి ఇతని చేతిలో పెట్టింది. పళ్ళెంలో టీ గ్లాసు పెట్టి ఇచ్చినట్టే ఇచ్చింది. ఈ మనిషి మెచ్చుకోలు కోసం ఇంత దిగజారిందా? అందరిముందూ నెత్తిన వేసుకున్న ఆ అబద్ధం కూడా సమ్మవ్వ తెగింపుకు దొంగ నకలే. ఆమె నిజంగా చేసిన దాన్ని తాను నోటితో చేసింది. సమ్మవ్వ ఇక తలుపు తియ్యదు. తియ్యకపోవడమే న్యాయం. అయితే ఆ అబద్ధం చెబుతున్నప్పుడు, ఆ నవ్వుల మధ్య, ఎన్నేళ్ళుగానో లేని ఒక తేలిక ఒంట్లోకి వచ్చిన మాట మాత్రం నిజం. ఈ నెల భయం లేదు అన్నట్టుగా.

ఎలిజబెత్ లోపలినుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బివున్నాయి. కోడలి ఎదురుగా నిలబడి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"నా దిక్కు సూసి చెప్పు మణీ. వాడు అబద్ధమంటున్నడు. అబద్ధమేనా?"

"అబద్ధమే అత్తమ్మా" అన్నది సుగుణమణి. "ఎల్లుండి కరీంనగర్ దవాఖానకు పోతున్న. అందాకనే అది అబద్ధం."