హద్దు గీత మీద మడమ

సాఫ్ట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు అంపైరమ్మ అందరికన్నా ముందే మైదానానికి వచ్చేది. సున్నం గీతలు సరిచూసేది, బేస్‌ల మీద దుమ్ము దులిపేది. మూడో బేస్ అవతల, హద్దు గీత దగ్గర గాలిలో నిలిచిపోయిన బంతి ఎదురైతే తల వంచి దాటేది. అందరూ అలాగే దాటేవాళ్లు. ఆ మైదానంలో అంపైరు "డెడ్ బాల్" అంటే బంతి ఉన్నచోటే గాలిలో ఆగేది, "ప్లే" అంటే దిగేది. ఇదొక్కటే పదకొండేళ్లుగా దిగలేదు.

దాన్ని పట్టింది ఆమె చెల్లెలే. అది పెద్ద జట్టుకు ఎంపిక చేసే మ్యాచ్. చెల్లెలు పరుగెత్తుకెళ్లి బంతి అందుకునేసరికి మడమ గీత మీదుంది. గీత తొక్కినా లోపలున్నట్టే. క్యాచ్ చెల్లుతుంది, ఆట సాగుతుంది. అంపైరమ్మ ఆ మడమను చూసింది. కానీ "సొంత చెల్లెలు, అవుటివ్వక ఏం చేస్తుందిలే" అని బెంచీల మీద ఎవరో నవ్వడం అంతకుముందే ఆమె చెవిన పడింది. చేతులు పైకెత్తి, "డెడ్ బాల్! కాలు బయటుంది" అంది.

బంతి గ్లవ్‌లోంచి లేచి గాలిలో నిలిచింది. "ప్లే" అన్నా కదల్లేదు. వేరే బంతితో ఆట కానిచ్చారు. చెల్లెలు ఎంపిక కాలేదు. "నా కాలు ఎక్కడ పడుతోందో నాకే తెలీదు, ఇంక ఆడేదేముంది" అని ఆట మానేసి, యూనిఫాంలు కుట్టే షెడ్డులో చేరింది. ఊరంతా అక్కను నిప్పులాంటి మనిషంది. నిజం ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, ఆమె మింగేసింది.

మొన్నామధ్య ఆమె కొత్త అంపైర్లకు తరగతి చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, కాలు గీత మీదుంటే?"

"గీత కూడా మైదానమే" అంది అంపైరమ్మ. ఆ మాట అన్నాక ఇక అక్కడ నిలవలేకపోయింది. తిన్నగా షెడ్డుకు వెళ్లి, భోజనాల వేళ చెల్లెల్ని మైదానానికి తీసుకొచ్చింది.

"ఆ రోజు నీ కాలు గీత మీదే ఉందే. బ్యాటర్ అవుట్. తప్పు నాది."

బంతి టప్పున చెల్లెలి చేతిలో పడింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అప్పుడే. కళ్లారా చూశాను."

చెల్లెలు బంతిని నొక్కి చూసుకుంది. "పదకొండేళ్లు నా కాలినే తిట్టుకున్నానక్కా."

ఆ రోజు ఆట ఆగకుంటే, క్యాచ్ పట్టగానే మూడో బేస్ మీదున్న రన్నర్ పరుగు కోసం హోమ్ బేస్‌కు ఉరికేది. ఆమెను ఆపడానికి వేయాల్సిన త్రోను చెల్లెలు ఇప్పుడు విసిరింది. బంతి సూటిగా హోమ్ బేస్ మీదుగా వెళ్లింది. పట్టేవాళ్లు లేక వెనక కంచెకు కొట్టుకుని ఆగింది.

"అవుటయ్యేదా?"

"అయ్యేది" అంది అక్క.

ఆ ఆదివారం నుంచి చెల్లెలు మైదానానికి వస్తోంది, పిల్లలకు త్రో వేయడం నేర్పుతోంది. అక్క అటుగా వస్తే మాత్రం, పిల్లల్ని తీసుకుని అవతలికి జరుగుతుంది.