ఆరని నీళ్లు

కుంచె వెంట్రుకలు గట్టిపడలేదు, నయమే, లేకపోతే కొత్తది తెమ్మని ఆయనకి చెప్పాలి, ఎవరికి చెప్పాలి, మనిషి పోయాడు, ఆయన పెట్టిన రంగు మాత్రం ఇంకా ఆరలేదు, నూనె రంగుతో ఇదే గొడవ, మందంగా పెడితే ఒక పట్టాన ఆరదు, వదినా, సాయంత్రం కొన్నవాళ్లొచ్చి బొమ్మ పట్టుకెళ్తారట, నీకు చేతనైతేనే మిగతా పని చెయ్యి, లేదంటే ఇంకోరోజు రమ్మంటాను, అని మరిది గుమ్మంలోనే నిలబడి అన్నాడు, చేస్తాలే అంది, అన్నం తర్వాత తింటాలే అన్నంత మామూలుగా, ఇంకా ఏడవలేదని ఇంట్లో అందరూ తనకేసి వింతగా చూస్తున్నారు, రాని ఏడుపు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది.

పొడి కుంచెతో ఆకాశం మొదలుపెట్టింది, ఎప్పుడూ ఇంతే, ఆయన గీతలు గీతలుగా రంగు పెట్టి పక్కకి తప్పుకోవడం, ఆ గీతలు కనబడకుండా ఆమె నిమిరి నిమిరి అద్దంలా చెయ్యడం, కొనేవాళ్లకి నున్నగా ఉండాలి మరి, పెళ్లయిన కొత్తలో నేర్పాడు, నొక్కకు, నిద్రపోయే పిల్లని తాకినట్టు తాకు అన్నాడు, మనకి పిల్లలెక్కడ అని నవ్వింది, తర్వాత తర్వాత ఆ మాటకి ఇద్దరూ నవ్వడం మానేశారు, మబ్బు కలిసిపోయింది, అవతలి గట్టు కలిసిపోయింది, చెయ్యి దాని మానాన అది పోతోంది, దానికింకా ఎవరూ చెప్పలేదు కాబోలు.

కుంచె నది దగ్గరికొచ్చింది, ఇక్కడ ఎంత రంగు పోశాడో మహానుభావుడు, ఒడ్డు పక్కన విసురుగా, నడిమధ్య తాపీగా, ఒకచోట కుంచె చాలక బొటనవేలితోనే తోశాడు, వేలి చారలు అలాగే పడ్డాయి, ఈ ఒక్కటీ వదిలెయ్యవే, గీతలు కనబడనీ, అన్నాడు ఆ రోజు, బాగుంది సంబడం, సగం పూసి వదిలేసిన గోడలా ఉంటే ఎవరు కొంటారు అంది, అదీ నిజమేలే అని, భుజం లాగుతోందని వెళ్లి పడుకున్నాడు, మళ్లీ లేవలేదు, ఎన్నెన్ని ఇళ్ల గోడల మీద తమ బొమ్మలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఆయన చెయ్యి లేదు, తనే తుడిచేసింది, ప్రతిసారీ, ఎంతో ఇష్టంగా కూర్చుని తుడిచేసింది, కుంచె కింద పెట్టి మరిదిని పిలిచి వాళ్లని రావద్దను, ఇది ఇవ్వను అంది, అదేంటి వదినా, మాటిచ్చాం కదా అంటున్నాడతను, అప్పటిదాకా రాని ఏడుపు వచ్చేసింది, ఆయన పెట్టింది పెట్టినట్టుగా ఈ లోకంలో మిగిలింది ఈ కాసిని నీళ్లే.