ఉల్లిచెక్క చేతికొచ్చేదాకా

నేను ఒక ఇనప పెనాన్ని. కొలిమిలో పుట్టినదాన్ని కనుక నిప్పంటే భయం లేదు. చల్లగా ఉండిపోవాలంటేనే భయం.

చీరాలలో ఒక కమ్మరి నన్ను సాగగొట్టాడు. మొదట మాణిక్యమ్మ అత్తగారు కొనుక్కుంది, ఆమె పోయాక మాణిక్యమ్మ చేతికి వచ్చాను. రోడ్డు పక్క రేకుల పంచలో దోసెలు పోసి అమ్ముతూ నలభై ఏళ్ళు మా ఇద్దరిదీ ఒకటే పద్ధతి. నా మీద నాలుగు నీటిచుక్కలు చల్లి చుయ్యిమందో లేదో చూడటం, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి గుండ్రంగా రుద్దటం, ఆ తర్వాతే పిండి. పక్కనున్న మనిషి ఎలా ఉందో అడగరు గానీ, పెనం సిద్ధంగా ఉందో లేదో మనుషులు ఎంత శ్రద్ధగా కనుక్కుంటారో!

కిందటి వేసవి నుంచి మాణిక్యమ్మ నా ముందు పీట వేసుకుని కూర్చుంటోంది, అంతే. పిండిగిన్నె పక్కనే ఉంటుంది. చెయ్యి కదలదు. విసుక్కోదు, ఆకలని కూడా అనదు. ఏడ్చినా బాగుండును, లోపల ఏదో ఒకటి ఉందనుకునేదాన్ని.

"ఏమ్మా మాణిక్యమ్మా, రాజీనామా ఇచ్చేశావా ఏంది?" అన్నాడు మగ్గం నేసే బాబూరావు. అందరూ నవ్వారు, ఆమె తప్ప. అప్పుడే పట్టుకుంది నాకు భయం.

"ఒళ్ళు వంచలేక ఏం వేషాలత్తా ఇయ్యి?" అంది కోడలు నాగవేణి. తరువాత డాక్టరు, ఇది మతిమరుపు జబ్బనీ, అందులో పని మీద ధ్యాస కూడా పోతుందనీ, బద్ధకం కాదనీ చెప్పాడు. ఆ రోజంతా నాగవేణి అత్తగారి ముఖం చూడలేకపోయింది.

"ఇంకెందుకీ పెనం? రేపు పాత ఇనప సామాన్లోడికి వేసేద్దాం. అమ్మ కుర్చీలో కూర్చుంటది," అన్నాడు కొడుకు శ్రీహరి.

నా సంగతి సరే. నేను పోతే ఆమె ఇక ఆ కుర్చీలోంచి లేస్తుందా? రేపు మంచినీళ్ళు అడగటం మానేస్తే? నోట్లో పెట్టిన ముద్ద మింగటం మానేస్తే?

మర్నాడు నాగవేణి, ఆఖరుసారి నాలుగు దోసెలు పోద్దామని నన్ను పొయ్యి మీద పెట్టింది. ఇంతలో లోపల పాలు పొంగాయి. "అత్తా, ఇది కాస్త పట్టుకో," అని ఉల్లిచెక్క ఆమె చేతిలో పెట్టి పరిగెత్తింది.

కాలుతున్న నా మీదికి ఆ చెయ్యి వంగింది. అరచెయ్యి ఆనించేస్తుందేమో! అమ్మా, వద్దు! అరవటానికి నాకు నోరేదీ?

ఉల్లిచెక్క నాకు తగిలింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. తరువాత గరిటె, పిండి. అంచులు ఎర్రబడ్డ దోసె.

"ఏమయ్యో, ఇట్టా రా! మీ అమ్మని చూడు!" అని కేకేసింది నాగవేణి. ఆ దోసె శ్రీహరి నిలబడే తిన్నాడు. పాత సామాన్ల బండి వస్తే, "ఏం లేవు, పో అన్నా," అన్నాడు.

అప్పటినుంచి రోజూ నాగవేణి ఆమె పక్కనే కూర్చుని ఉల్లిచెక్క అందిస్తుంది. అందించకపోతే సాయంత్రందాకా అలాగే కూర్చుంటుంది మాణిక్యమ్మ.

ఇవాళ ఉల్లిచెక్క అందుకుని చాలాసేపు దానివంకే చూసింది. నేను పొగలు కక్కుతూ ఎదురుచూశాను. నాగవేణి ఆమె మణికట్టు పట్టుకుని మొదటి చుట్టు తనే తిప్పింది. రెండోది ఆమె తిప్పింది.

రేపు ఎన్ని చుట్లు తిప్పించాలో. పొయ్యి ఆర్పేశారు. నేను చల్లబడుతున్నాను.