బదావీ చెయ్యి

ఎలుక రక్తనాళానికి అంటిన కొవ్వును సన్నని పట్టకారుతో ఒలిచి, బదావీ దాన్ని చిన్న చిన్న ఉంగరాలుగా కోశాడు. ఒక్కో ఉంగరంలోంచి వెంట్రుకంత తీగలు రెండు దూర్చి, గోరువెచ్చని ఉప్పునీటిలో వేలాడదీయాలి. అలెగ్జాండ్రియాలోని ఆ ప్రయోగశాలలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఇదే. తీగ దూరుస్తుంటే కుడిచెయ్యి వణికింది. పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

"ఉపవాసమున్న చెయ్యి బాబాయ్ అది! పొద్దు గూకేదాకా ఓపిక పట్టమనండి," అని నవ్వింది తెర ముందు కూర్చున్న డాక్టర్ ఇన్సాఫ్.

"అంతేనమ్మా," అన్నాడు. పచ్చి అబద్ధం. ఆ వణుకు రంజాన్‌కు వారం ముందే మొదలైంది.

రక్తనాళం లోపొర కణాల మీద గ్రాహకాలుంటాయి. మందు వచ్చి తగిలితే అవి లోపలికి కబురందిస్తాయి, నాళం సడలుతుంది. కబురు తెగితే బిర్రబిగుసుకుంటుంది. ఆ లోపొర మహా సుకుమారం, తీగ గీసుకుంటే చాలు, చచ్చిపోతుంది. అందుకే ఉంగరం ఎవరు కట్టినా ముందు లోపొర బతికుందో లేదో పరీక్షిస్తారు. బదావీ కట్టినవాటికి మాత్రం ఆ పరీక్ష లేదు. అది ఆయనకు ఆ గది ఇచ్చిన గౌరవం.

ఇన్సాఫ్ నాళం బిగువును చూపే తెర మీది గీతను చూసి తల పట్టుకుంది. "నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది బాబాయ్. బిగిసిన నాళాన్ని మెత్తబరచాల్సిన మందు! పది రోజులుగా ఎంత వేసినా గ్రాహకం పలకదే! ఈ మందు మీద పని ఆపేయమని ఇప్పుడే రాసి పంపేస్తా."

ఆ పది రోజులూ ఉంగరాలు కట్టింది బదావీనే. నోరు విప్పితే కొలువు పోతుంది. విప్పకపోతే మంచి మందు పోతుంది. ఆమె వేళ్లు టకటకా టైపు చేస్తుంటే బదావీ పట్టకారు కింద పెట్టేశాడు.

"పంపకమ్మా. ముందు నా ఉంగరాల్ని పరీక్షించు."

"మీవా? ఎగతాళా?"

"పరీక్షించు తల్లీ. ఉపవాసమూ కాదు, ఏమీ కాదు. నా చెయ్యే పోయింది."

ఆమె లోపొరను తట్టిలేపే చుక్క వేసింది. గీత కదల్లేదు. మరో ఉంగరం, అదీ అంతే. రెండింటిలోనూ లోపొర చచ్చిపోయింది. ఇన్సాఫ్‌కు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ముందే చెప్పొచ్చుగా బాబాయ్!"

"సిగ్గేసిందమ్మా."

ఈసారి ఇన్సాఫే తీగలు పట్టుకుంది. నాలుగు ఉంగరాలు పాడుచేసింది. "మోచెయ్యి బల్లకు ఆనించు. ఊపిరి బిగబట్టకు," అన్నాడాయన వెనక నుంచి. ఐదోది నిలిచింది. ముందు పరీక్ష, లోపొర బతికే ఉంది. ఆ తర్వాత మందు. గీత మెల్లగా కిందికి జారింది.

"సడలుతోంది బాబాయ్, చూడండి!"

తిరిగి చూస్తే ఆయన లేడు, ఆయన తెల్లకోటు మడిచి కుర్చీ మీద ఉంది. బయట పొద్దు గూకిందని చెప్పే మగ్రిబ్ నమాజు పిలుపు మొదలైంది. బల్ల చివర, ఉపవాసం విడవడానికి తెచ్చుకున్న మూడు ఖర్జూరాలు రుమాలులో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.