మట్టి కావలసిన కుండీ

నేను ఒక పేడ కుండీని. ముక్కు మూసుకోకండి, ఎండాక వాసనుండదు. పేడ, కొబ్బరి పొట్టు, చింతపిక్కల గంజి కలిపి, కడియం ఊళ్లో ఓ ఇంటి అరుగు మీద స్టీలు గ్లాసు చుట్టూ అదిమి నన్ను చేసింది నాగదేవి. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వాళ్లమ్మ సత్తెమ్మ పదిహేనేళ్లుగా నర్సరీలో నల్ల ప్లాస్టిక్ కవర్లలో మట్టి నింపుతోంది. మొక్క కొన్నవాళ్లు ఆ కవరు చింపి అవతల పారేస్తారు. నన్నయితే మొక్కతో సహా పాతెయ్యొచ్చు, రెండు నెలల్లో మట్టిలో కలిసిపోతాను. అదీ నా గొప్ప.

నలుగురికీ పనికొచ్చే వ్యాపారం మొదలుపెట్టే విద్యార్థులకి రాజమండ్రిలో పోటీ పెట్టారు. గెలిస్తే షెడ్డు, అచ్చుల మిషను ఇస్తారట. అమ్మని కూలి మాన్పించి ఆ షెడ్డులో కూర్చోబెట్టాలని నాగదేవి ఆశ.

మేం ఇరవై ఒక్కళ్లం పుట్టాం. ఇరవై మంది తమ్ముళ్లని సత్తెమ్మ మిరప నారుతో నర్సరీలో ఓ మూల పాతింది. అందగాణ్ణని నన్ను మాత్రం పోటీకి ఉంచి, నాగదేవి రెండు పూతలు వార్నిష్ వేసింది.

"అదెందుకే?" అంది తల్లి.

"జడ్జీలు చూస్తారమ్మా, మెరవాలి."

మెరిశాను. నా అంతవాడు లేడనుకున్నాను.

వేదిక మీద, ప్లాస్టిక్ నీళ్ల సీసాల వెనక ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. నాగదేవి గడగడా చెప్పేసింది. అంతా విని ఒకాయన గిన్నెలో నీళ్లు పోయించి, "మెత్తబడుతుందేమో చూద్దామమ్మా" అని నన్ను ముంచాడు. పది నిమిషాలైనా చెక్కు చెదరలేదు. పైన పటారం, లోన లొటారం అంటారే, అది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

"మీకు నచ్చాలని వార్నిష్ వేశానండి. తప్పు నాది, కుండీది కాదండి" అంది నాగదేవి. బహుమతి ఎవరో సెల్‌ఫోన్ యాప్ చేసిన పిల్లలకి పోయింది. నాగదేవి నన్ను ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి, నాలో పెన్నులు గుచ్చింది.

రెండు నెలలకి నర్సరీ యజమాని వీర్రాజుగారికి ఈ సంగతి తెలిసి, "ఏవీ, మీ అమ్మాయి కుండీలు?" అన్నాడు. సత్తెమ్మ మిరప మొక్కలు నాలుగు తవ్వి చూపించింది. వేళ్లు, మట్టి తప్ప ఏమీ లేవు.

"కుండీలేవమ్మా? ఎవరన్నా పట్టుకుపోయారేంటి?"

"మట్టయిపోయాయండి. దానికే కదండీ చేసింది."

ఆయన ఆ వేళ్లు విడదీసి చాలాసేపు చూశాడు. "సరే, దీపావళికి రెండు వేలు కావాలి. మీ అరుగు మీదే చేసివ్వండి" అన్నాడు. మర్నాటి నుంచి సత్తెమ్మ కవర్ల దగ్గరికి వెళ్లలేదు.

కనబడకుండా పోయిన తమ్ముళ్లు గెలిచారు, నేనేమో పెన్నులు మోస్తున్నాను. కుళ్లుకున్నాను, దాచడమెందుకు! చివరికి సత్తెమ్మే జాలిపడింది. గరుకు కాగితంతో నా మెరుపంతా గీకేసి, మరువం రెమ్మ పెట్టి, గుమ్మం పక్కన పాతింది.

నిన్న ఓ వేరు నా పక్కలోంచి బయటికొచ్చింది. నొప్పేం లేదు, చక్కిలిగింతలే. ఇంకో నెలాగి వచ్చి తవ్వి చూడండి. నేను కనబడకపోతే, నాగదేవి చెప్పింది నిజమన్నమాట.